ట్యూబ్ మూసుకుపోవడం ఒకటి, ట్యూబులో నీరు నిలవడం ఇంకొకటి

సంపాదకుల వారికి,

నమస్కారం. "ట్యూబులు మూసుకుపోయినా దిగులు లేదు, ఐవీఎఫ్ ఉందిగా" అనే మాట ఆరోగ్య పేజీల్లో, టీవీ చర్చల్లో, రోడ్డు పక్క హోర్డింగుల మీద తరచూ కనిపిస్తోంది. ట్యూబులంటే గర్భసంచి నుంచి అటూ ఇటూ అండాశయాల వైపు పోయే ఫాలోపియన్ గొట్టాలు. ఆ మాట అబద్ధమేమీ కాదు గానీ, సగం మాటే. మిగతా సగం తెలియక ఒక ఐవీఎఫ్ సైకిల్ (ఒక విడత చికిత్స), ఆ పైన రెండో సైకిల్ పోగొట్టుకుని, "పిండం మంచిదే, ఎందుకో అతుక్కోవడం లేదు" అనిపించుకుని ఇంటికి చేరే దంపతులు ఉన్నారు. వాళ్లలో కొందరి విషయంలో తప్పు పిండానిదీ కాదు, గర్భసంచిదీ కాదు. పక్కనే ఉబ్బిపోయి లోపలికి నీరు కారుస్తున్న ట్యూబుది. ఆ సంగతి వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, మన్నించాలి.

అసలు ఐవీఎఫ్ పుట్టిందే మూసుకుపోయిన ట్యూబుల కోసం. 1978 జులై 25న ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రపంచపు మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయిస్ బ్రౌన్ తల్లికి రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో కాన్పయిన తల్లిదీ ట్యూబుల సమస్యే. అండాన్ని నేరుగా అండాశయం నుంచి బయటికి తీస్తారు, బయటే ఫలదీకరణ చేస్తారు, పిండాన్ని సన్నటి గొట్టంతో గర్భాశయ ముఖద్వారం గుండా లోపల పెడతారు. ఈ దారిలో ట్యూబుతో పనే లేదు. కాబట్టి ట్యూబు మూసుకుపోతే ఐవీఎఫ్ ఫలితం తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే, "ఎక్కడ మూసుకుపోయింది? లోపల నీరుందా?" అని మేం ఎదురు ప్రశ్న వేస్తాం. జవాబంతా అందులోనే ఉంది.

ఒక్కో ట్యూబు పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు. గర్భసంచి గోడలోంచి బయలుదేరే చోట లోపలి దారి ఒక మిల్లీమీటరుకు మించదు. అండాశయం వైపు పోయేకొద్దీ వెడల్పై, చివర చీర కొంగు కుచ్చులాంటి అంచుతో ముగుస్తుంది. విడుదలైన అండాన్ని అందుకునేది ఆ కుచ్చే. వీర్యకణం అండాన్ని కలిసేది ట్యూబు వెడల్పు భాగంలో. లోపలి పొర మీదున్న సీలియా అనే నూగు అలలుగా కదులుతూ, నాలుగైదు రోజుల్లో పిండాన్ని గర్భసంచికి చేర్చుతుంది. ఇది నీళ్ల పైపు కాదు. దారి తెరిచి ఉన్నా ఆ నూగు కాలిపోయినట్టు పోతే ట్యూబు ఉండీ లేనట్టే. రిపోర్టులో "ట్యూబులు ఓపెన్" అని ఉన్నా గర్భం నిలవని వాళ్లలో కొందరి కథ ఇదే.

మన రెండు రాష్ట్రాల్లో మూసుకున్న ట్యూబులు అనగానే మొదట లెక్కలోకి రావాల్సింది పిల్లల ఆపరేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశం మొత్తానికి ఆ లెక్క 37.9 శాతమే. పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ అయిపోయి, తర్వాత బిడ్డ పోయిందనో, రెండో పెళ్లి జరిగిందనో మళ్లీ పిల్లల కోసం వచ్చేవాళ్లు మనకు కొత్త కాదు. వీళ్ల ట్యూబు కూడా మూసుకున్న ట్యూబే. కానీ మధ్యలో కోసి కట్టేసింది, లేదా డీపీఎల్‌లో (పొట్టలోకి కెమెరా పంపి చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో) రింగు వేసి నొక్కేసింది. గర్భసంచి వైపు మిగిలిన ముక్క ఆరోగ్యంగానే ఉంటుంది, దాంట్లో నీరు చేరదు. వీళ్లకు ఐవీఎఫ్ చేస్తే ఫలితం ట్యూబుల వల్ల తగ్గదు. వయసును బట్టి, అండాల నిల్వను బట్టి ఉంటుంది, అంతే.

వీళ్లకు ఇంకో దారి కూడా ఉంది, ట్యూబులు మళ్లీ కలపడం. కలిపాక మిగిలే పొడవు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి, చివరి కుచ్చు చెక్కుచెదరకుండా ఉండాలి, భర్త వీర్య పరీక్ష బాగుండాలి, ఆమె వయసు 35 దాటకపోతే మరీ మంచిది. రింగు వేసినవాళ్లలో పాడయ్యే భాగం తక్కువ కాబట్టి కలపడం తేలిక. కరెంటుతో కాల్చినవాళ్లలో కష్టం. పాత ఆపరేషన్ కాగితం ఇంట్లో ఉంటే తెచ్చుకోమని అడిగేది అందుకే. సక్రమంగా కలిస్తే ప్రతి నెలా ప్రయత్నించే వీలుంటుంది, ఒకటికి మించి కాన్పులూ సాధ్యమే. ఐవీఎఫ్ ఒక్కటే దిక్కని మొదటి రోజే చెప్పేయడం ఈ స్త్రీలకు న్యాయం కాదు.

ఇక అసలు చిక్కు ట్యూబు అవతలి కొస దగ్గర మూసుకుపోయినప్పుడు. పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కుచ్చు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని మూతి పడిపోతుంది. లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియా, అబార్షన్ తర్వాత పట్టిన చీము, పగిలిన అపెండిక్స్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), అన్నిటికీ మించి మన దగ్గర టీబీ, ఇవీ కారణాలు. చాలామందికి ఆ ఇన్ఫెక్షన్ వచ్చి పోయినట్టే గుర్తుండదు. స్వీడన్‌లోని లుండ్‌లో ఏళ్ల తరబడి గమనించిన లెక్క ఒకటుంది. పొత్తికడుపు ఇన్ఫెక్షన్ ఒకసారి వస్తే ట్యూబుల వల్ల పిల్లలు కలగని పరిస్థితి 8 శాతం మందిలో, రెండుసార్లు వస్తే 19.5 శాతంలో, మూడుసార్లయితే 40 శాతంలో కనిపించింది. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, జ్వరం కలిసి వస్తే మందుల షాపులో రెండు మాత్రలతో సరిపెట్టుకోకూడదనేది ఇందుకే. భర్తకూ వైద్యం చేయకపోతే అదే ఇన్ఫెక్షన్ తిరిగి వస్తుంది.

మూతి పడినా లోపలి పొర ఊరడం ఆపదు. ఊరిన ద్రవం అటు పోలేక నిండుతుంది, గోడ పలచనై సాగుతుంది. దీన్నే హైడ్రోసాల్పింక్స్ అంటారు. లాప్రోస్కోపీ కెమెరాలో చూస్తే చిటికెన వేలంత ఉండాల్సిన ట్యూబు వంపు తిరిగిన పొడుగు వంకాయలా ఉబ్బి, గోడలోంచి నీరు మెరుస్తూ కనిపిస్తుంది. అటువైపు మూసుకుంది గానీ ఇటువైపు, గర్భసంచి వైపు దారి తెరిచే ఉంటుంది. నీరు పల్లమెరుగు కదా. ట్యూబు ముడుచుకున్నప్పుడల్లా ఆ ద్రవం వెనక్కి గర్భసంచిలోకి వస్తుంది. కొందరికి నెల మధ్యలో ఉన్నట్టుండి నీళ్లలాంటి స్రావం బట్టలు తడిపేంత అవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. దాన్ని తెల్లబట్టగా తీసుకుని మందులు వాడుతుంటారు.

పిండాన్ని తెచ్చి పెట్టేది ఆ తడిలోనే. ద్రవం దాన్ని అతుక్కోనివ్వకుండా కడిగేస్తుంది. పాత ఇన్ఫెక్షన్ తాలూకు వాపు పదార్థాలు అందులో ఉంటాయి, పిండం పెరగడానికి కావాల్సిన పోషకాలు పలచబడి ఉంటాయి. దానికితోడు గర్భసంచి లోపలి పొర పిండాన్ని అంటిపెట్టుకోవడానికి తయారుచేసుకునే జిగురులాంటి ప్రోటీన్లూ తగ్గుతాయి. ఈ మూడింటిలో దేని పాలు ఎంతో విడదీయడం కష్టం గానీ, ఫలితం మాత్రం స్పష్టం. 1990ల చివర్లో అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, హైడ్రోసాల్పింక్స్ ఉన్న స్త్రీలలో ఐవీఎఫ్ గర్భాలు లేనివాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. నిలిచిన గర్భాల్లోనూ అబార్షన్లు ఎక్కువయ్యాయి.

మరి ఆ ట్యూబు తీసేస్తే? దీన్ని సరిగ్గా తూచినది 1999లో వెలువడిన స్కాండినేవియా దేశాల అధ్యయనం. 204 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ముందుగా ట్యూబులు తీసి ఐవీఎఫ్ చేశారు, రెండో గుంపుకు నేరుగా చేశారు. కాన్పు దాకా వెళ్లినవాళ్లు తీసిన గుంపులో 28.6 శాతం, తీయని గుంపులో 16.3 శాతం. స్కానింగులోనే కనిపించేంత నీరున్నవాళ్లను వేరుగా చూస్తే తేడా ఇంకా పెద్దది, 40 శాతం, 17.5 శాతం. తర్వాత వచ్చిన అధ్యయనాలనూ కలిపి, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో చేసిన సమీక్ష ప్రకారం, ఏమీ చేయకుండా ఐవీఎఫ్‌కు వెళితే నూటికి 19 మందికి గర్భం వస్తుందనుకుంటే, ట్యూబులు తీశాక ఆ సంఖ్య 27 నుంచి 52 మధ్య ఉంటుంది. ఐవీఎఫ్‌లో ఏ ఖరీదైన ఇంజెక్షన్ కలిపినా ఇంత తేడా రావడం అరుదు.

సంగతి ఇంత తెలిసీ ఇది ఎందుకు తప్పిపోతుంది? ముఖ్యంగా రిపోర్టులోని ఒక్క వాక్యం వల్ల. "రెండువైపులా ట్యూబల్ బ్లాక్" అని రాసి ఉంటుంది. ఆ వాక్యంలో గర్భసంచి మూల దగ్గరి మూత, అవతలి కొస దగ్గరి మూత, నీరున్నది, లేనిది అన్నీ ఒకే మూటలో పడతాయి. అందుకే రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, హెచ్‌ఎస్‌జీ (ట్యూబుల్లోకి డై పంపి తీసే ఎక్స్‌రే) ఫిల్ములు గానీ సీడీ గానీ తప్పక అడిగి దాచుకోవాలి. ఫిల్ము అబద్ధం చెప్పదు. ఎలా చదవాలో మాత్రం తెలియాలి.

మన వాళ్లు డై టెస్టు అనే ఈ హెచ్‌ఎస్‌జీని నెలసరి రక్తం ఆగాక, అండం విడుదల కాకముందు, మామూలుగా 6వ రోజు నుంచి 10వ రోజు మధ్య చేయాలి. నెలసరి మొదలైనప్పటి నుంచి పరీక్ష దాకా దంపతులు కలవకూడదు. అయోడిన్ పడదని తెలిస్తే ముందే చెప్పాలి, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయాలి. అరగంట నుంచి గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చు. సన్నటి గొట్టం ద్వారా డైను మెల్లగా, కొద్దికొద్దిగా పంపుతూ ఎక్స్‌రే తెర మీద చూస్తారు. చాలామందికి 10 మిల్లీలీటర్ల లోపే సరిపోతుంది. మొదట గర్భసంచి త్రికోణం నిండాలి, తర్వాత రెండు మూలల నుంచి దారాల్లా ట్యూబులు కనిపించాలి, చివరకు డై పొట్టలోకి పొగలా చిమ్మి పేగుల మధ్య పరచుకోవాలి. చిమ్మకుండా ట్యూబు చివర గుండ్రంగా ఉబ్బి డై అక్కడే నిలిచిపోతే, అదీ హైడ్రోసాల్పింక్స్. అనుమానం ఉంటే కాసేపు ఆగి ఇంకో ఫిల్ము తీయాలి. డై ఆ సంచిలోనే కూర్చుని ఉంటే సంగతి తేలిపోతుంది. ఉబ్బిన ట్యూబు కనబడిన వెంటనే, నిలిచిన ద్రవంలో ఇన్ఫెక్షన్ పుట్టకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 5 రోజులు ఇవ్వడం రివాజు. దీన్ని మరిచిపోతే పరీక్షకు వెళ్లిన మనిషి జ్వరంతో, చీముతో తిరిగివచ్చే ప్రమాదం ఉంది.

గర్భసంచి మూల దగ్గరే డై ఆగిపోతే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. చల్లటి డై, గట్టిగా నొక్కడం, భయం, నొప్పి వల్ల అక్కడి కండరం బిగుసుకుపోతుంది. నెల ఆగి మళ్లీ చేస్తే ఇలా "మూసుకున్న" ట్యూబుల్లో సగానికి పైగా తెరిచే కనిపిస్తాయి. ఒక్క డై టెస్టు చూసి "నీకు రెండు ట్యూబులూ లేవు" అనిపించుకుని ఏడ్చిన తర్వాత, ఐవీఎఫ్ మొదలుపెట్టేలోపే తనంతట తాను గర్భం దాల్చిన వాళ్ల గురించి ప్రతి ఊళ్లోనూ వింటాం. అందులో అద్భుతమేమీ లేదు. నిజంగానే శ్లేష్మం ముక్క అడ్డుపడితే హిస్టరోస్కోపీ (గర్భసంచి లోపలికి సన్నటి కెమెరా పంపడం) ద్వారా గానీ, ఎక్స్‌రే తెర కింద గానీ సన్నటి తీగను మూలలోకి పంపి దారి తీస్తారు. నూటికి 85 ట్యూబుల దాకా తెరుచుకుంటాయి. మూడింట ఒక వంతు మళ్లీ మూసుకుంటాయి. మెల్లగా తోస్తే తీగ పోవడం లేదంటే అది మచ్చకట్టిన మూత. అక్కడ ఆపేయాలి. బలవంతం చేస్తే ట్యూబు గోడ చిల్లుపడుతుంది.

డై టెస్టు చేయించుకున్నాక గర్భం వస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు. అది ఉత్త నమ్మకం కాదు. నెదర్లాండ్స్‌లో 1119 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నూనె ఆధారిత డై వాడినవాళ్లలో 6 నెలల్లో 39.7 శాతానికి, నీటి ఆధారిత డై వాడినవాళ్లలో 29.1 శాతానికి గర్భం నిలిచింది. అయితే ఆ స్త్రీలు ట్యూబు జబ్బు ఉండే అవకాశం తక్కువున్నవాళ్లు. ఉబ్బి నీరు పట్టిన ట్యూబుకు ఈ ఆశ వర్తించదు.

స్కానింగులో కూడా పెద్ద హైడ్రోసాల్పింక్స్ దొరుకుతుంది. అండాశయం పక్కన సాసేజ్ ఆకారంలో నల్లటి సంచి, మధ్యలో పూర్తిగా అడ్డు రాని సగం గోడలు, చుట్టూ పూసలు గుచ్చినట్టు చిన్న ఉబ్బెత్తులు. దీన్ని అండాశయం తిత్తి అని రాసేయడం మామూలు పొరపాటు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక ఈస్ట్రోజెన్ పెరిగి, ముందు కనిపించని సంచి అప్పుడు ఉబ్బి బయటపడవచ్చు. దాన్ని ఫాలికల్ (అండం పెరిగే నీటి తిత్తి) అనుకుని లెక్కేసిన సందర్భాలూ ఉంటాయి. అందువల్ల నెలసరి 2వ రోజు స్కానింగులోనే ట్యూబుల వైపు ఒకసారి చూడమని అడగడం అతి కాదు.

నీరుందని తేలాక ఏం చేయాలి? లాప్రోస్కోపీ చేసి ట్యూబు తీసేయడం ఎక్కువ అనుభవమున్న పద్ధతి. పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లు పెడతారు. ఇందులో చెయ్యి తిరిగినవాళ్లు జాగ్రత్తపడే చోటు ఒకటుంది. ట్యూబుకూ అండాశయానికీ మధ్య పలచటి పొర ఉంటుంది. అండాశయానికి రక్తం తెచ్చే కొమ్మల్లో కొన్ని అందులోంచే పోతాయి. కాబట్టి ట్యూబును పైకెత్తి పట్టుకుని, దాన్ని ఒరుసుకుంటూ, తక్కువ కరెంటుతో కొద్దికొద్దిగా కాల్చి కోస్తూ గర్భసంచి దాకా రావాలి. పొరను వెడల్పుగా కాల్చేస్తే రక్తం తగ్గి, తర్వాత ఇంజెక్షన్లకు అండాలు తక్కువ వస్తాయి. గర్భసంచి దగ్గర ముక్క పొడుగ్గా మిగలకూడదు, ఆ మోడులోనే గర్భం ఇరుక్కోవచ్చు. మూల లోపలికి తవ్వినా ముప్పే, రేపు గర్భం పెరిగినప్పుడు అక్కడ గోడ బలహీనంగా ఉంటుంది. తీసిన ట్యూబును పారేయకుండా బయాప్సీకి, టీబీ పరీక్షలకు పంపించాలి. ఈ ఒక్క పని మరిచిపోవడం వల్ల కారణం తెలియకుండా పోయినవాళ్లు తక్కువేం కాదు.

పేగులు, అండాశయం, ట్యూబు అన్నీ అతుక్కుని ముద్దయిపోయి ఉంటే తీయడానికి పోరాడకూడదు. పేగుకు గాయమైతే పిల్లల మాట అటుంచి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు ట్యూబు గర్భసంచి నుంచి బయటికొచ్చే చోటికి దగ్గర్లో క్లిప్పు వేయడమో, కాల్చి కోయడమో చేసి దారి తెంచేస్తే చాలు. నీరు అవతలే ఉంటుంది. అవతలి సంచికి ఒక కన్నం పెడితే అది ఉబ్బదు కూడా. పిల్లల కోసం వచ్చిన మనిషికి పిల్లల ఆపరేషన్ చేస్తామన్నట్టు ఉంటుంది ఈ మాట. అత్తగారు "ట్యూబులే తీసేస్తే ఇంక నాకు మనవడెక్కడ?" అని లేచి నిలబడేది ఇక్కడే. ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే: ఆ ట్యూబు ఇదివరకే పనిచేయడం మానేసింది, ఇప్పుడు తెంచేది దాంట్లోని మురుగు లోపలికి వచ్చే దారిని. పిల్లల ఆపరేషన్ అయినవాళ్లకు ఐవీఎఫ్ ఫలితం తగ్గకపోవడానికి కారణం కూడా ఆ దారి తెగి ఉండటమే.

కోత లేకుండా హిస్టరోస్కోపీతో ట్యూబు మూలలో ఎష్యూర్ అనే స్ప్రింగు పెట్టే పద్ధతి కొన్నాళ్లు నడిచింది. నెదర్లాండ్స్‌లో పోల్చి చూస్తే స్ప్రింగు పెట్టినవాళ్లలో 26.2 శాతానికి, ట్యూబు తీసినవాళ్లలో 55.8 శాతానికి గర్భం నిలిచింది. ఆ పరికరం అమ్మకాలు 2018 చివరితో ఆగిపోయాయి. అండాలు తీసే రోజే సూదితో ఆ నీటినీ లాగేయడం ఇంకో పద్ధతి. సులువే గానీ, రోజుల్లోనే మళ్లీ నిండుతుంది. ఆపరేషన్‌కు ఒంటి పరిస్థితి అనుకూలించని వాళ్లకు, సైకిల్ మధ్యలో నీరు బయటపడిన వాళ్లకు, యాంటీబయాటిక్ రక్షణతో ఇది పనికొస్తుంది. మొదటి ఎంపికగా కాదు.

ఏఎంహెచ్ (అండాల నిల్వను తెలిపే రక్త పరీక్ష) తక్కువ ఉన్న స్త్రీ విషయంలో వరస మార్చాలి. ముందు ఆపరేషన్ చేసి అండాశయం మీద దెబ్బ పడుతుందేమోనని బెంగపడే బదులు, ముందు అండాలు తీసి, పిండాలు చేసి గడ్డకట్టించి దాచి, ఆ తర్వాత ట్యూబు సంగతి చూసి, ఒకటి రెండు నెలసరులు గడిచాక పిండం పెట్టవచ్చు. కోల్‌కతాలో 1978లోనే డాక్టర్ ముఖోపాధ్యాయ్ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి వాడారు. ఇప్పుడైతే ప్రతి మంచి ల్యాబులో ఇది రోజువారీ పని. అయినా తాజా పిండమే పెట్టాలని పట్టుబట్టడం ఎందుకో అర్థం కాదు.

ఒకవైపే నీరుండి, రెండో ట్యూబు శుభ్రంగా ఉంటే? ఆ ఒక్క ట్యూబు నీరు కూడా గర్భసంచిని తడుపుతుంది. దాన్ని తీసేస్తే ఐవీఎఫ్ అవసరం లేకుండా రెండో ట్యూబు ద్వారానే గర్భం వచ్చినవాళ్లు ఉన్నారు. వయసు తక్కువైతే ఆరు నెలలు ఆగి చూడటంలో తప్పులేదు. అలాగే ఉబ్బు 3 సెంటీమీటర్ల లోపే ఉండి, గోడ పలచగా, లోపలి మడతలు సజీవంగా, చుట్టూ అతుకులు లేకుండా ఉన్న చిన్న వయసు స్త్రీకి మూతి తెరిచి కుచ్చును వెనక్కి మడిచి కుట్టే ఆపరేషన్ చేయవచ్చు. లోపలి మడతలు చెరిగిపోయి, గోడ మందంగా ఉంటే తెరిచినా మళ్లీ మూసుకుంటుంది, లేదా గర్భం ట్యూబులోనే ఇరుక్కుంటుంది. ఆ నిర్ణయం లాప్రోస్కోపీ చేస్తుండగా ట్యూబు లోపలి పొరను చూసి తీసుకునేది. కాబట్టి "తెరిచినా, తీసినా ఒప్పుకుంటున్నాం" అనే అంగీకారం ముందే చర్చించుకుని రాసివ్వాలి.

టీబీ గురించి వేరుగా చెప్పాలి. జననాంగాల టీబీలో 90 శాతానికి పైగా ట్యూబులు దెబ్బతింటాయి, సుమారు సగం మందిలో గర్భసంచి లోపలి పొరా పాడవుతుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు, నెలసరిలో రక్తం తగ్గిపోవడం ఒక్కటే జాడ కావచ్చు. డై టెస్టులో ట్యూబు పూసల దండలానో, బిగుసుకున్న సీసపు గొట్టంలానో కనిపిస్తుంది. ఇలాంటి ట్యూబును తెరవడానికి, కుట్టడానికి ప్రయత్నించడం వృథా. ఇక్కడ రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. గర్భసంచి పొర ముక్కలో పీసీఆర్ ఒక్కటి పాజిటివ్ వచ్చిందని ఆరు నెలల మందులు మొదలుపెట్టేస్తున్నారు. మన దేశపు ఇండెక్స్–టీబీ మార్గదర్శకాలు అలా ఒక్క పీసీఆర్ మీద ఆధారపడి మందులు ఇవ్వొద్దని చెబుతున్నాయి. కల్చర్, సీబీనాట్ (టీబీ క్రిమిని పట్టే జన్యు పరీక్ష), బయాప్సీ, లాప్రోస్కోపీలో కనిపించే గింజలు, వీటిలో ఆధారం ఉండాలి. రెండో తప్పు, నిజంగా టీబీ ఉన్నా "ఐవీఎఫ్ తర్వాత చూద్దాం" అనడం. తేలితే ముందు నాలుగు మందులతో 2 నెలలు, మూడు మందులతో 4 నెలలు పూర్తికావాలి. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఇవి ఉచితం. కోర్సయ్యాక హిస్టరోస్కోపీతో గర్భసంచి లోపల అతుకులు లేవని, పొర 7 మిల్లీమీటర్ల దాకా పెరుగుతోందని చూసుకున్నాకే పిండం పెట్టాలి. ట్యూబులు పోతే ఐవీఎఫ్ ఆదుకుంటుంది. లోపలి పొర పోతే ఐవీఎఫ్ కూడా చేతులెత్తేస్తుంది.

రెండు ట్యూబులూ మూసుకున్నాయని కాగితం చేతిలో పెట్టుకుని ఐయూఐ చేయించుకుంటున్నవాళ్లను చూస్తే కోపమే వస్తుంది. ఐయూఐలో కడిగిన వీర్యాన్ని గర్భసంచిలో వదులుతారు. అక్కడి నుంచి అండాన్ని చేరడానికి కనీసం ఒక ట్యూబైనా తెరిచి ఉండాలి. లేకపోతే ఆరుసార్లు చేసినా, అరవైసార్లు చేసినా ఒకటే. ట్యూబు తెరిపిస్తామనే మాత్రలు, కషాయాలు, పొట్ట మీద ఆముదం కట్లు కూడా అంతే. మచ్చకట్టిన మూతను కరిగించే మందు లేదు. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల మీద వచ్చిన ఏఆర్‌టీ చట్టం, 2021 ప్రకారం చికిత్సకు ముందే గెలుపు అవకాశాలు, ఖర్చు, దుష్ఫలితాలు దంపతులకు వివరించి చెప్పడం క్లినిక్ బాధ్యత. "మాకు నీరున్న ట్యూబు ఉందా, ఉంటే పిండం పెట్టేలోపు దాన్నేం చేస్తారు?" అని అడగడం డాక్టరును అనుమానించడం కాదు. జవాబు ఫైలులో రాయించుకోండి.

పిండం పెట్టే రోజు స్కానింగులో గర్భసంచి లోపల నల్లటి నీటి గీత కనిపిస్తే ఆ రోజు పెట్టకూడదు. పిండాలు గడ్డకట్టించి, నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. అంత దూరం వచ్చి, ఇంజెక్షన్లన్నీ వేయించుకుని వెనక్కి తిరగడం ఎంత కష్టమో తెలుసు. కానీ పారబోయడం కంటే దాచుకోవడం మేలు.

గర్భం నిలిచాక కూడా దెబ్బతిన్న ట్యూబు ఊరుకోదు. ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భసంచిలోనే పెడతారు కదా, ట్యూబులోకి ఎలా పోతుందని అడుగుతారు. కదిలి పోతుంది, అలా పోయిన పిండాన్ని వెనక్కి తేవడానికి పనిచేసే నూగు ఉండదు. లూయిస్ బ్రౌన్ పుట్టుకకు కారకులైన ఎడ్వర్డ్స్, స్టెప్టో అంతకు రెండేళ్ల ముందు, 1976లో వెల్లడించిన తమ మొదటి ఐవీఎఫ్ గర్భం నిలిచింది ట్యూబులోనే. దాన్ని తొలగించాల్సి వచ్చింది. అందుకని పిండం పెట్టిన రెండు వారాలకు రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోను) పాజిటివ్ అని రాగానే మిఠాయిలు పంచి ఊరుకోకుండా, 48 గంటల తర్వాత మళ్లీ చేయించి సరిగ్గా పెరుగుతోందో చూడాలి. ఆరో వారంలో స్కానింగు చేసి సంచి గర్భాశయంలోనే ఉందని కళ్లారా చూసుకోవాలి. రెండు పిండాలు పెట్టినవాళ్లలో ఒకటి లోపల, ఒకటి ట్యూబులో ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి లోపల సంచి కనిపించినా పక్కలు చూడకుండా ప్రోబు తీయకూడదు. ఈలోగా ఒకవైపు పొత్తికడుపు నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం, కొద్దిగా రక్తపు మరక, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. పిండం పెట్టిన తేదీ, హెచ్‌సీజీ రిపోర్టులు, పాత డై టెస్టు ఫిల్ము ఒకే కవరులో పెట్టి తలుపు పక్కన ఉంచుకోండి.

ఇట్లు,
సంతాన చికిత్స, లాప్రోస్కోపీ, రేడియాలజీ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు వైద్యులం,
హైదరాబాద్